ఈపాస్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్: సీటు తీసుకున్న రోజు నుంచి ఆఖరి ఏడాది దాకా ఆగకుండా చూసుకోవడం ఎలా

తెలంగాణలో పదో తరగతి దాటాక చదివే చదువులకు ప్రభుత్వ సాయం రెండు ముక్కలుగా వస్తుంది. కాలేజీ ట్యూషన్ ఫీజు కట్టేది ఆర్‌టీఎఫ్. అందరూ ఫీజు రీయింబర్స్‌మెంట్ అనేది దీన్నే. తిండికీ ఖర్చులకీ విద్యార్థి చేతికిచ్చేది ఎంటీఎఫ్, మామూలు మాటల్లో స్కాలర్‌షిప్. రెండింటికీ దరఖాస్తు ఒక్కటే, తెలంగాణ ఈపాస్ వెబ్‌సైట్‌లో.

నేను ఒక కాలేజీ ఆఫీసులో ఈ ఫైళ్లే చూస్తుంటాను. డబ్బు రాలేదని కౌంటర్ దగ్గరికి వచ్చే పిల్లల్లో అర్హత లేనివాళ్లు తక్కువ. పేరు కలవకో, వేలిముద్ర వేయకో, "అప్లై చేశాం కదా సార్" అని ఊరుకునో ఆగిపోయినవాళ్లే ఎక్కువ. సబ్మిట్ నొక్కాక ఆ దరఖాస్తు ఇంకా నాలుగు గడపలు దాటాలి. ఎక్కడ ఆగిందో మీరు చూసుకోకపోతే ఇంకెవరూ చూడరు.

ముందు ఆదాయం లెక్క

చాలా ఏళ్లుగా నడుస్తున్న లెక్క ఇది. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ఏడాది ఆదాయం 2 లక్షల రూపాయల లోపు ఉండాలి. బీసీ, ఈబీసీ, మైనారిటీ, దివ్యాంగ విద్యార్థులకు ఊళ్లో అయితే 1.5 లక్షలు, పట్టణంలో అయితే 2 లక్షలు. ఈబీసీ అంటే ఓసీల్లో పేదవాళ్లు. వాళ్లకు ఆర్‌టీఎఫ్ మాత్రమే ఉంటుంది, ఎంటీఎఫ్ ఉండదు. వయసు పరిమితి కూడా ఉంటుంది. దరఖాస్తు చేసే ఏడాది నోటిఫికేషన్‌లో ఈ అంకెలను ఒకసారి సరిచూసుకోండి.

జారిపోయేది ఎక్కువగా ఆ 1.5 లక్షల దగ్గరే. నల్గొండ జిల్లాలో ఒక పల్లెటూరి బీసీ కుటుంబం అనుకుందాం. మీసేవలో దరఖాస్తు ఇచ్చేటప్పుడు "ఏదో ఒకటి రాయండి" అని వదిలేస్తే సర్టిఫికెట్ 1,80,000కి వచ్చింది. హైదరాబాద్ అడ్రస్ అయితే అది చెల్లేది, ఊరి అడ్రస్‌కు చెల్లదు. అదేమో వాళ్ల అసలు ఆదాయం కూడా కాదు, ఆపరేటర్ నోటికొచ్చిన అంకె. అందుకే ఆదాయం గడి నింపేటప్పుడు పక్కన నిలబడండి. తల్లిదండ్రులిద్దరి సంపాదన, పొలం మీద వచ్చేది, కూలి, అద్దెలు అన్నీ కలిపి నిజంగా ఎంతో ముందే ఇంట్లో లెక్కేసుకుని వెళ్లండి. ఇంట్లో నెలజీతం వచ్చేవాళ్లుంటే జీతం స్లిప్పు అడుగుతారు. తగ్గించి రాయించుకుంటే ఎవరికి తెలుస్తుందిలే అనుకోవద్దు. తప్పుడు సర్టిఫికెట్ అని తేలితే తీసుకున్నదంతా తిరిగి కట్టమంటారు, ఆ మీద ఏడాది కూడా పోతుంది.

తహశీల్దార్ ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం ఏడాది వరకే పనికొస్తుంది. పోయినసారి గురుకులం అడ్మిషన్ కోసం తీసినది బీరువాలో ఉంది కదా అని దాన్నే పట్టుకురాకండి. ఏప్రిల్ దాటగానే కొత్తది తీసి పెట్టుకుంటే కౌన్సెలింగ్‌కీ ఈపాస్‌కీ రెండింటికీ అదే సరిపోతుంది. జూన్, జులైలో మీసేవ దగ్గర ఎంత రద్దీ ఉంటుందో మీకు తెలిసిందే.

ఇంకో చిక్కు ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్‌తో. అది 8 లక్షల లోపు ఆదాయం ఉన్న ఓసీలకు సీట్లలో రిజర్వేషన్ కోసం. దాంతో సీటు వస్తుంది, ఫీజు రాదు. ఈడబ్ల్యూఎస్ కోటాలో సీటు తెచ్చుకున్నా ఫీజు రీయింబర్స్ కావాలంటే ఈబీసీ ఆదాయ పరిమితి లోపు ఉన్నట్టు వేరే ఆదాయ ధ్రువపత్రం ఉండాల్సిందే. ఇది తెలియక ఫీజు రాదన్న కబురు కాలేజీలో చేరాక విన్న తల్లిదండ్రులు చాలామంది.

సీటు ఎంచుకునేటప్పుడే సగం తేలిపోతుంది

కన్వీనర్ కోటాలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ర్యాంకును బట్టి వచ్చిన సీటుకే రీయింబర్స్‌మెంట్. మేనేజ్‌మెంట్ కోటాకు లేదు, కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లకు కాలేజీయే నేరుగా ఇచ్చే స్పాట్ అడ్మిషన్‌కు లేదు, దూరవిద్యకు లేదు. "ఇప్పుడు స్పాట్‌లో చేరండి, స్కాలర్‌షిప్ మేం చూసుకుంటాం" అని కాలేజీ తరఫున ఫోన్ చేసేవాళ్ల మాట నమ్మకండి. ఈపాస్‌లో అడ్మిషన్ రకం అడిగే గడి ఉంటుంది. ఆ గడి దాటించడం వాళ్ల చేతుల్లో లేదు.

ఇంజినీరింగ్‌లో ఇంకో మెలిక ఉంది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ర్యాంకుతో సంబంధం లేకుండా కన్వీనర్ కోటా ఫీజు మొత్తం ప్రభుత్వమే కడుతుంది. బీసీ, ఈబీసీల్లో ఎప్‌సెట్ ర్యాంకు 10,000 లోపు ఉంటే మొత్తం ఫీజు, దాటితే మామూలుగా ఏడాదికి 35,000 వరకే. లెక్క ఇలా పడుతుంది: ర్యాంకు 24,000, కాలేజీ ఫీజు 95,000 అయితే 35,000 ప్రభుత్వానివి, మిగిలిన 60,000 ఏటా మీ ఇంటినుంచి. నాలుగేళ్లకు 2,40,000. ఫీజు 45,000 ఉన్న కాలేజీలో అదే బ్రాంచ్ దొరికితే మీ చేతినుంచి పడేది ఏడాదికి 10,000, నాలుగేళ్లకు 40,000. వెబ్ ఆప్షన్లు పెట్టే రాత్రి పిల్లలు కాలేజీ పేరు, బ్రాంచ్ చూస్తారు. ఫీజు కాలమ్ పెద్దవాళ్లు చూడాలి. ఏ కాలేజీకి ఎంత ఫీజో ఫీజుల నియంత్రణ కమిటీ ఖరారు చేసింది వెబ్‌సైట్‌లో ఉంటుంది. బస్సు, హాస్టల్, యూనిఫాం, ఇంకా కాలేజీ వేరే పేర్లతో అడిగేవి ఈ లెక్కలోకి రావు.

ఆదాయ, కుల ధ్రువపత్రాలు కౌన్సెలింగ్ వెరిఫికేషన్ నాడే చూపించండి. అవి చూపించకపోతే అలాట్‌మెంట్ ఆర్డర్‌లో మొత్తం ఫీజు కట్టాలని వస్తుంది. సీటు రాగానే ఆ ఆర్డర్‌లో కట్టాల్సిన ఫీజు ఎంత అని ఉందో చదవండి. తేడా ఉంటే సెల్ఫ్ రిపోర్టింగ్‌కు (వచ్చిన సీటులో చేరుతున్నట్టు ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవడానికి) ముందే హెల్ప్‌లైన్ సెంటర్‌కు వెళ్లి సరిచేయించుకోవడం తేలిక. చేరిపోయాక అదే పనికి తిరగాల్సిన ఆఫీసుల సంఖ్య పెరుగుతుంది.

పేరు అన్నిచోట్లా ఒకటే ఉందా?

దరఖాస్తుకు ముందు ఒక సాయంత్రం పదో తరగతి మెమో, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఆదాయ, కుల ధ్రువపత్రాలు ఐదూ చాప మీద పరిచి పక్కపక్కన చదవండి. మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంతో ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పాస్‌బుక్‌లో పేరు వెనక్కి పోయి ఉంటుంది. ఒకచోట శ్రావణి స్పెల్లింగ్‌లో హెచ్ ఉంటుంది, ఇంకోచోట ఉండదు. మనకు అదంతా ఒకే అమ్మాయి. కంప్యూటర్‌కు కాదు.

ఈపాస్ పదో తరగతి హాల్‌టికెట్ నంబర్, పాసైన సంవత్సరం, పుట్టిన తేదీ తీసుకుని బోర్డు రికార్డు నుంచి పేరు లాగుతుంది. కాబట్టి మెమోనే మూలం అనుకుని మిగతావన్నీ దాని దారికి తేవాలి. ఆధార్‌లో పేరు సరిచేయించడానికి మెమో పనికొస్తుంది. అయితే ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. అందుకని ఆధార్ సెంటర్‌లో ఆపరేటర్ టైప్ చేశాక, రసీదు మీద సంతకం పెట్టేముందు ఒక్కో అక్షరం వేలు పెట్టి చదవండి. పనిలో పనిగా మొబైల్ నంబర్ కూడా సరిచూడండి. నాన్న పాత సిమ్ నంబర్‌కు ఓటీపీ పోతుంటే ఏ పనీ సాగదు.

బ్యాంకు సంగతి కాస్త నిదానంగా చెప్పాలి. ఎంటీఎఫ్ పడాలంటే ఖాతా విద్యార్థి పేరున ఉండాలి, నడుస్తూ ఉండాలి. చిన్నప్పుడు తీసిన మైనర్ ఖాతా అయితే 18 నిండాక కేవైసీ చేయించి మామూలు ఖాతాగా మార్పించండి. ఏళ్ల తరబడి ఒక్క లావాదేవీ లేకుండా పడి ఉంటే బ్యాంకు దాన్ని ఆపేస్తుంది. వెళ్లి వంద రూపాయలు వేసి, కేవైసీ ఇచ్చి లేపండి. బ్యాంకులు కలిసిపోయినప్పుడు ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్లు మారతాయి. తెలంగాణలోని ఏపీ గ్రామీణ వికాస్ బ్యాంకు శాఖలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. అంతకు ముందు 2020లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. మీ పాస్‌బుక్ వీటిలో దేనిదైనా అయితే, పాత కోడ్ చూసి ఈపాస్‌లో ఎక్కించకండి. బ్రాంచికి వెళ్లి కొత్త కోడ్ అడిగి రాసుకోండి.

ఆధార్ లింక్ అయిందని బ్యాంకువాళ్లు చెప్పినా ఎన్‌పీసీఐ మ్యాపింగ్ అయిందో లేదో విడిగా అడగండి. రెండూ ఒకటి కావు. ఆధార్ నంబర్ ఖాతాకు జతచేయడం ఒక పని, ప్రభుత్వం ఆధార్ మీద పంపే డబ్బు ఏ బ్యాంకుకు పోవాలో ఎన్‌పీసీఐలో నమోదు కావడం ఇంకో పని. రెండు మూడు బ్యాంకుల్లో ఖాతాలున్నవాళ్లకు చివరగా మ్యాప్ అయిన బ్యాంకులోనే ఆ డబ్బు పడుతుంది. మీ ఆధార్ ఏ బ్యాంకుకు మ్యాప్ అయి ఉందో ఆధార్ సంస్థ యూఐడీఏఐ సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ దగ్గర కనిపిస్తుంది. డబ్బు పడలేదని ఆఫీసుకు వచ్చినవాళ్లకు నేను మొదట అదే తెరిచి చూపిస్తాను. ఒక్కోసారి డబ్బు ఎప్పుడో పడి ఉంటుంది, ఎప్పుడో ఎవరో చెప్పారని తీసి మర్చిపోయిన ఇంకో ఖాతాలో.

దరఖాస్తు నింపడం

కొత్తగా కోర్సులో చేరితే ఫ్రెష్, అదే కోర్సులో రెండో ఏడాది నుంచి రెన్యువల్. ఇంటర్‌లో తీసుకున్నా బీటెక్‌లో చేరితే మళ్లీ ఫ్రెష్‌గానే చేయాలి. పాలిటెక్నిక్ అయ్యాక ఈసెట్ రాసి నేరుగా రెండో ఏడాదిలో చేరినవాళ్లకూ అంతే.

నెట్ సెంటర్‌లో చేయించినా స్క్రీన్ మీరు చూడాలి. ఆగి చూడాల్సినవి మూడు. మొదటిది కాలేజీ, కోర్సు, ఏడాది: ఒకే యాజమాన్యం కింద దాదాపు ఒకే పేరుతో రెండు మూడు కాలేజీలుంటాయి, కౌన్సెలింగ్ కోడ్‌తో సరిపోల్చుకోండి. రెండోది అడ్మిషన్ రకం. మూడోది ఎక్కడ ఉంటున్నారన్నది: కాలేజీ హాస్టలా, పిల్లలే గది తీసుకుని నడుపుకునేదా, ఇంటినుంచి వచ్చి వెళ్లే డే స్కాలరా అన్నదాన్ని బట్టి ఎంటీఎఫ్ మొత్తం మారుతుంది. ప్రభుత్వ సంక్షేమ హాస్టల్‌లో ఉంటే మెస్ ఖర్చు హాస్టల్ లెక్కలోకే పోతుంది. ఎక్కువ వస్తుందని ఇంట్లో ఉండి హాస్టల్ అని పెడితే తనిఖీలో దొరికిపోతారు.

ముందు ఒక కాలేజీలో చేరి, ఈపాస్‌లో నమోదై, తర్వాత సీటు మారినవాళ్లు పాత కాలేజీ ద్వారా ఆ నమోదు రద్దు చేయించుకోవాలి. లేకపోతే కొత్తచోట "ఇప్పటికే నమోదైంది" అని వచ్చి ఆగిపోతుంది. టీసీ తీసుకునే రోజే ఆ పని కూడా అడిగి చేయించుకోండి.

చివరి తేదీలు తరచూ పొడిగిస్తారు, నిజమే. ఆ ధైర్యంతో కూర్చున్నవాళ్లకు ఆఖరి వారంలో సర్వర్ తెరుచుకోదు.

నాలుగు గడపలు

నింపాక ప్రింట్ తీసి, ధ్రువపత్రాల జిరాక్సులు, అలాట్‌మెంట్ ఆర్డర్, పాస్‌బుక్ మొదటి పేజీ జతచేసి కాలేజీ స్కాలర్‌షిప్ సెక్షన్‌లో ఇవ్వాలి. ఇది మొదటి గడప. ఆన్‌లైన్‌లో చేశాక కాగితాలెందుకని ఇంట్లోనే పెట్టుకునేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. ఆ కాగితాలు లేకుండా మేం దరఖాస్తు ముందుకు పంపలేం. ఇచ్చినట్టు మీ కాపీ మీద సంతకం, తేదీ వేయించుకోండి.

రెండోది వేలిముద్ర. అది కాలేజీలోనా, మీసేవలోనా అన్నది సెక్షన్‌లో చెప్తారు. పొలం పని, తాపీ పని చేసే పిల్లలకు వేలిగీతలు అరిగి మెషిన్ తీసుకోదు. అలాంటప్పుడు మిగతా వేళ్లు ప్రయత్నించమనండి. అయినా రాకపోతే ఆధార్ సెంటర్‌లో బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించుకుని మళ్లీ రండి.

మూడోది జిల్లా సంక్షేమ అధికారి. కాలేజీ పంపిన దరఖాస్తును మీ కేటగిరీని బట్టి ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ శాఖల్లో ఒకరు చూసి మంజూరు చేస్తారు. నాలుగోది ట్రెజరీ. బిల్లు తయారై, టోకెన్ పడి, నిధులు విడుదలయ్యాక ఆర్‌టీఎఫ్ కాలేజీకి, ఎంటీఎఫ్ మీ ఖాతాకు వస్తాయి.

ఈపాస్‌లో అప్లికేషన్ స్టేటస్ తెరిస్తే ఏ గడప దగ్గరుందో కనిపిస్తుంది. నెలకోసారి చూడండి. కాలేజీ దగ్గరే ఉంటే మా దగ్గరికి రండి, మొహమాటం వద్దు. వెల్ఫేర్ ఆఫీసు దగ్గర ఏదో కాగితం లేదని వెనక్కి పంపి ఉంటే అది ఏమిటో అడిగి ఇచ్చేయండి. ఎంత తిరిగినా కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణిలో అర్జీ పెట్టవచ్చు. అప్లికేషన్ నంబర్, స్టేటస్ పేజీ ప్రింట్ జతచేయండి. "నా స్కాలర్‌షిప్ రాలేదు" అని ఊరికే రాసిన అర్జీ కంటే "ఫలానా తేదీ నుంచి ఫలానా దగ్గర ఆగి ఉంది" అన్న అర్జీకి జవాబు త్వరగా వస్తుంది. బిల్లు అయిపోయి ట్రెజరీలో ఉంటే మాత్రం మీరు తిరిగినా, మేం తిరిగినా లాభం లేదు. ప్రభుత్వం నిధులు వదలాలి, అంతే.

ఏటా నిలబెట్టుకోవడం

రెన్యువల్ దానంతటదే కాదు. ప్రతి ఏడాదీ మళ్లీ చేయాలి, కాగితాలు మళ్లీ ఇవ్వాలి, వేలిముద్ర మళ్లీ వేయాలి. రెండో ఏడాదిలో ఆగిపోయేవాళ్లు మొదటి ఏడాది కంటే ఎక్కువ, ఎందుకంటే మొదటిసారి నాన్న వెంట ఉండి చేయించి ఉంటాడు.

హాజరు 75 శాతం ఉండాలి. ఇక్కడ ఇంజినీరింగ్ పిల్లలు ఒక పొరపాటు పడతారు. జేఎన్‌టీయూ హైదరాబాద్ నిబంధనల్లో 65 నుంచి 75 మధ్య ఉన్నవాళ్లకు అనారోగ్యం కారణం చూపించి, ఫీజు కట్టి, కండొనేషన్‌తో పరీక్ష రాసే వీలుంది. అది పరీక్షకు. స్కాలర్‌షిప్‌కు అడిగేది 75. పరీక్ష రాయనిచ్చారు కాబట్టి డబ్బూ వస్తుందని లెక్కేసుకోవద్దు. నెలాఖరుకు నోటీసు బోర్డులో మీ శాతం చూసుకుని, 80 కిందికి వస్తే అప్పుడే మేలుకోండి. అనారోగ్యమైతే డాక్టర్ చీటీ ఆ వారమే సెక్షన్‌లో ఇవ్వండి.

సబ్జెక్టులు తప్పడం వేరు, డిటెయిన్ కావడం వేరు. బ్యాక్‌లాగ్‌లు ఉండి పై ఏడాదికి ప్రమోట్ అయితే రెన్యువల్ చేసుకోవచ్చు. క్రెడిట్లు చాలకో, హాజరు చాలకో అదే ఏడాది మళ్లీ చదివితే ఆ ఏడాదికి ప్రభుత్వం రెండోసారి ఫీజు కట్టదు. అది మీ ఇంటిమీద పడుతుంది.

నిధులు ఆలస్యమవుతున్న ఏళ్లలో కొన్ని కాలేజీలు "ముందు మీరు కట్టండి, వచ్చాక ఇస్తాం" అంటాయి. మీకు రావాల్సింది పూర్తి ఫీజా, 35,000 వరకా అన్నది అలాట్‌మెంట్ ఆర్డర్‌లో ఉంది, అది చూపించి మాట్లాడండి. తప్పక కట్టాల్సి వస్తే "ఆర్‌టీఎఫ్ విడుదలయ్యాక తిరిగి ఇవ్వబడును" అని రసీదు మీద రాయించుకోండి. ఊరికే "ట్యూషన్ ఫీజు" అని రసీదు ఇస్తే రేపు అడగడానికి ఆధారం ఉండదు. ప్రిన్సిపాల్ మారవచ్చు, అకౌంటెంట్ మారవచ్చు, కాగితం ఉంటే మాట నిలుస్తుంది.

ఈపాస్ కాకుండా

ఆదాయం కాస్త ఎక్కువై ఈపాస్‌కు అందనివాళ్లు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ చూడండి. ఇంటర్‌లో మీ బోర్డు టాప్ 20 శాతంలో ఉండి, ఇంటి ఆదాయం 4.5 లక్షల లోపైతే సెంట్రల్ సెక్టార్ స్కీమ్ కింద డిగ్రీ మొదటి మూడేళ్లు ఏటా 12,000 వస్తుంది. నిలబెట్టుకోవాలంటే ఏటా 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు. ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ) గుర్తింపు ఉన్న కాలేజీల్లో బీటెక్, డిప్లొమాలో చేరిన అమ్మాయిలకు ప్రగతి ఉంది, ఏడాదికి 50,000, ఆదాయం 8 లక్షల లోపు, ఒక ఇంట్లో ఇద్దరి వరకు. ఒకే కోర్సుకు రెండు ప్రభుత్వ స్కాలర్‌షిప్పులు చాలావరకు కుదరవు. ఏది ఎక్కువో లెక్కేసి ఒకటి ఎంచుకోండి. 35,000 వచ్చే బీసీ అమ్మాయికి ప్రగతి లాభం కావచ్చు, మొత్తం ఫీజు వచ్చే ఎస్టీ అమ్మాయికి ఈపాస్ వదలడం నష్టం. ఐఐటీల్లో అయితే ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. మిగతావాళ్లకు ఆదాయం లక్ష లోపైతే పూర్తిగా, లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు.

ఇక ఫైనల్ ఇయర్‌వాళ్లకు. ఆఖరి ఏడాది ఎంటీఎఫ్ చాలాసార్లు కోర్సు అయిపోయాక పడుతుంది. కాబట్టి ఉద్యోగం రాగానే ఆ కంపెనీ తీసిచ్చిన జీతం ఖాతాకు ఆధార్ మ్యాపింగ్ మార్చేసి, పాతది మూసేసి వెళ్లిపోకండి. నో డ్యూస్ (బాకీలేవీ లేవన్న కాగితం) కోసం ఆఫీసుకు వచ్చే రోజున అన్ని ఏళ్ల స్టేటస్ పేజీలూ విడివిడిగా ప్రింట్ తీసుకుని రండి. ఏ ఏడాదిది కాలేజీకి వచ్చింది, ఏ ఏడాదిది ఇంకా ట్రెజరీలో ఉంది అన్నది మా రిజిస్టర్‌తో అక్కడే సరిచూసుకోవచ్చు.